కవరు విప్పని పత్రిక

కళ్ళజోళ్ళ షాపాయన కిటికీలోంచి బయట ఏమీ కనిపించకపోయినా విమానం నడపడం నేర్చుకున్నాడంటే వీధిలో నవ్వనివాళ్ళు లేరు. అందరికీ చూపు సరిచేసి పంపే మనిషికి చూపుతో పనిలేని విద్య ఎందుకని వాళ్ళ వేళాకోళం. విద్య మాత్రం అలాంటిదే. మబ్బులోకి వెళ్ళాక కిటికీ నిండా తెలుపు తప్ప ఇంకేమీ ఉండదు. విమానం ఎటు వాలిందో ఒంటికి తెలియదు, తెలిసినట్టు అనిపిస్తే అది అబద్ధం. ఎదురుగా ఉన్న మీటర్లలో ముళ్ళనూ అంకెలనూ నమ్ముకుని నడపాలి. దానికి వేరే పరీక్ష ఉంది. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అంటారు. రెండు నెలల క్రితం ఆ కాగితం ఆయన చేతికొచ్చింది.

ఆయన భార్య ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దుతుంది. ఆయన మామూలు లైసెన్సు తెచ్చుకున్న రోజున, తనతో ఎక్కుతావా అని అడిగితే, మబ్బులో నడపగలరని కాగితం ఇచ్చాక ఎక్కుతానంది. షాపు చూసుకుంటూ అంత చదువు చదవడం ఆయన వల్ల కాదన్న ధీమాతో అన్న మాట అది. చూస్తుండగానే ఆయన వల్ల అయింది. మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆవిడకు లేదు.

ఎక్కే రోజు కూడా ఖాయమైంది. ఆవిడ అక్క కొండల అవతలి ఊళ్ళో బేకరీ పెడుతోంది. ఆదివారం పదకొండింటికి తలుపులు తీస్తారు. రోడ్డు మీద తొమ్మిది గంటల దారి, గాల్లో అయితే గంటంబావు. "గాల్లో వస్తాం" అని చెల్లెలు ఒక్కసారి అంది. అక్క నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా పిండి మరవాడి దగ్గర్నుంచి పోస్టు మనిషి దాకా అందరికీ తెలిసిపోయింది.

ఆ ఆదివారానికి వారం ముందు, ఫ్లయింగ్ క్లబ్బులో మాస్టారు ఆయనకొక పని అప్పగించాడు. ఈ ఏడాది రేటింగ్ వచ్చినవాళ్ళు క్లబ్బులో నలుగురు. అలాంటివాళ్ళు చదవదగిన పత్రికలు ఏవో, ఏది ఎందుకు పనికొస్తుందో ఒక పేజీ రాసివ్వమన్నాడు, నోటీసు బోర్డులో పెట్టడానికి. పరీక్షకు చదివినంత కాలం మనిషి భయంగా ఉంటాడు కాబట్టి బతికి ఉంటాడనీ, పరీక్ష పాసయ్యాక వచ్చే ఏడాదే గండమనీ మాస్టారి సిద్ధాంతం.

ఆయన ఆ పనిని నేరుగా ఇంటికి మోసుకొచ్చి భార్య ముందు పెట్టాడు. ఇంట్లో మూడు పత్రికలు వస్తున్నాయి, ఏడు నెలలవి పోగుపడ్డాయి, నీకెలాగూ చదవడమే ఉద్యోగం కదా అన్నాడు.

"నాకు విమానం తోక ఏదో, ముక్కు ఏదో తెలియదు" అంది.

"తెలియనిదానివైతేనే మంచిది. నాకైతే అన్నీ బాగున్నట్టే ఉంటాయి."

ఆవిడ పెన్సిలు చెక్కుకుని కూర్చుంది. రోజూ ఆఫీసు నుంచి వచ్చాక వంటింటి బల్ల మీద రెండేసి గంటలు. మొదటి పత్రిక దళసరిగా, నున్నగా ఉంది. అట్ట మీద ప్రతి నెలా ఒక కొత్త విమానం, సూర్యాస్తమయం. లోపల సగం ప్రకటనలు, మిగతా సగం ప్రకటనల్లాగే ఉన్న వ్యాసాలు. దీని పేజీలు నలిగి ఉన్నాయి, ఒకచోట టీ మరక కూడా ఉంది. అంటే ఆయన చదివాడు. రెండోది పైలట్ల సంఘం వాళ్ళది. మారిన నిబంధనలూ, మూసేసిన రన్‌వేలూ, సభ్యుల ఉత్తరాలూ. ఇది అక్కడక్కడ నలిగింది. మూడోది సన్నగా, పాఠ్యపుస్తకంలా ఉంది. బొమ్మలు లేవు. మబ్బుల్లో నడిపేవాళ్ళ కోసమే వేస్తున్న పత్రిక. ఏడు సంచికలకూ పైనున్న ప్లాస్టిక్ కవరు చింపలేదు.

అదేమిటని అడిగితే, అందులో ఉన్నవన్నీ పరీక్షకు చదివినవేనన్నాడు.

ఏడు కవర్లూ ఆవిడే కత్తెరతో కత్తిరించింది. సగం అర్థం కాలేదు. కానీ ప్రతి సంచికలోనూ చివరి పేజీకి ముందు పేజీలో ఎవరో ఒక పైలట్ తన సొంత తప్పు రాసుకునే శీర్షిక ఉంది. అది మాత్రం ఇట్టే అర్థమైంది, ఎందుకంటే అందరూ మామూలు మనుషులే. ఒకడు పళ్ళ డాక్టరు, ఒకావిడ లెక్కల టీచరు. బతికి బయటపడ్డవాళ్ళే రాస్తారు కనుక కథలన్నీ సుఖాంతమే. అయినా ఒక్కటీ మధ్యలో వదల్లేకపోయింది.

ప్రూఫులు దిద్దేవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. కథ ఎంత రసపట్టులో ఉన్నా, ఒకే మాట రెండోసారి పడితే కన్ను అక్కడే ఆగిపోతుంది. ఆవిడకు మూడో సంచికలో కన్ను ఆగింది. వెనక్కి వెళ్ళి చూసి, మిగతావీ చూసి, పెన్సిలుతో సున్నాలు చుట్టింది. ఏడింటిలో అయిదు సున్నాలు తేలాయి. హాస్టల్లో కూతురు, మీటింగులో భాగస్థులు, విందులో స్నేహితులు. మనుషులు వేరు, మబ్బులు వేరు. మాట ఒక్కటే: అక్కడ నా కోసం ఎదురుచూస్తున్నారు.

అన్నం తినేటప్పుడు భర్తకు ఆ సంగతి చెప్పింది. ఆయన ఆసక్తిగానే విన్నాడు. వాళ్ళు తొందర మనుషులనీ, తనకు తొందర లేదనీ అన్నాడు. అబద్ధం కాదు. ముక్కు మీద కళ్ళజోడు సరిగ్గా కూర్చోవడానికి అరగంట వంగి పనిచేసే మనిషి ఆయన.

శనివారం అక్క ఫోన్ చేసింది. రిబ్బను కత్తిరించేది చెల్లెలేనట. వీధిలోవాళ్ళు పదిమంది విమానం దిగేచోటికి వస్తారట, ఒకాయన కెమెరా తెస్తాడట. మీరొచ్చాకే తలుపు తీస్తాం అని అక్క మూడుసార్లు చెప్పింది. చెల్లెలు సరేనంటూ ఫోన్ పెట్టేసింది.

ఆదివారం తెల్లారేసరికి ఆకాశం బూడిద రంగులో ఉంది. క్లబ్బు ఆఫీసంటే ఒక గది, ఒక ఇనప బీరువా, నీళ్ళు కాచుకునే కెటిల్, వాతావరణం చూసుకునే కంప్యూటరు. మాస్టారు ఇంకో విద్యార్థితో బయట ఉన్నాడు. కళ్ళజోళ్ళాయన తెర ముందు కూర్చున్నాడు. లేచి బయటికెళ్ళి పైకి చూశాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఇలా నాలుగుసార్లు అయింది. కొండలు దాటాలంటే ఎగరాల్సిన ఎత్తులో మబ్బు ఉంది. ఆ మబ్బులో, రెక్కకు తగిలిన నీటిబొట్టు తగిలినచోటే మంచుగా గడ్డకట్టేంత చలి ఉండొచ్చని తెర మీద రాసి ఉంది. మంచు పేరుకుంటే విమానం ఎగరలేదు, క్లబ్బు విమానానికి దాన్ని వదిలించుకునే ఏర్పాటు లేదు. ఇదంతా ఆయనే ఆవిడకు వివరంగా చెప్పాడు. ఉండొచ్చు అంటే ఉంటుందని కాదని కూడా చెప్పాడు.

తర్వాత కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "పైకి వెళ్ళి చూద్దాం. బాగాలేకపోతే తిప్పేసుకుని వచ్చేద్దాం. పాపం, అక్కడ అంతమంది ఎదురుచూస్తున్నారు."

ఆవిడ ఆయన ముఖం చూసింది. రోజూ షాపు తాళాలు తీసుకునేటప్పుడు ఉండే ముఖమే అది. తొందర లేదు, భయం లేదు. ఇందులో ఈయన తప్పేముందని ఆవిడకు అప్పుడు తోచింది. ఎదురుచూసేవాళ్ళను అక్కడ నిలబెట్టింది ఆయన కాదు, తను. పత్రికలో కథలు రాసినవాళ్ళ భార్యలూ భర్తలూ కూతుళ్ళూ ఎవరూ ఆ పేజీలో ఒక్క ముక్క రాయలేదు.

వరండాలోకి వెళ్ళి అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, మా కోసం ఆగకు. పదకొండింటికి తలుపు తీసేయ్."

"అదేంటే, బయల్దేరలేదా?"

"లేదు. వస్తామో రామో తెలియదు. వస్తే వస్తాం."

"అందరికీ చెప్పానే నేను. నా తల ఎక్కడ పెట్టుకోమంటావు?"

"పొయ్యిలో తప్ప ఎక్కడైనా పెట్టుకో. చెప్పింది నేను, తప్పు నాది. మబ్బు పట్టిందని చెప్పెయ్."

"మబ్బులో నడిపే పరీక్షేగా మీ ఆయన పాసయ్యింది?"

"అవును" అంది చెల్లెలు. అక్క ఫోన్ పెట్టేసింది.

లోపలికొచ్చి భర్తకు చెప్పింది. ఆయన చేతిలో సంచీతో అలాగే నిలబడ్డాడు.

"నన్నడక్కుండా ఎందుకు చెప్పావు? నా మీద నమ్మకం లేదా?"

"మీ మీద నమ్మకం లేక కాదు. అక్కడ మన కోసం ఎవరూ కూర్చుని లేరని మీకు తెలియాలని చెప్పాను. ఇప్పుడు చూడండి. వెళ్దామంటే నేనూ వస్తాను."

ఊరికే అన్న మాట కాదు. కోటు గుండీలు పెట్టుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెళ్దామంటాడనే అనుకుంది. అలా అంటే తను లేవాలి.

ఆయన మళ్ళీ తెర ముందు కూర్చున్నాడు. ఇందాకటి నుంచీ చూసిందే మొదటి వరస నుంచి మళ్ళీ చదివాడు. షాపులో కస్టమరు తెచ్చిన కంటి డాక్టరు చీటీ చదివినట్టు, వేలు పెట్టి, ఒక్కో అంకె మీద ఆగుతూ. కెటిల్ నీళ్ళు కాచి దానంతట అదే ఆగిపోయింది.

"అక్కడ ఎవరూ లేకపోతే అసలు ఇవాళ పొద్దున ఇంట్లోంచే కదిలేవాడిని కాదు" అన్నాడు చివరికి. విమానం మీద కప్పే గుడ్డ తీసుకుని బయటికెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం తోడల్లుడు ఫోన్ చేసి, దారి కనపడలేదా, కళ్ళజోడు షాపులో మర్చిపోయారా అని అడిగాడు. అవునన్నయ్యగారూ, పవరు మార్చాలి అన్నాడు ఈయన. అక్క పదిరోజులు పలకలేదు.

ఆవిడ ఆ పేజీ రాసిచ్చింది. నున్నటి పత్రిక విమానం కొనుక్కునేవాళ్ళకు, కొనలేక చూసుకునేవాళ్ళకు. సంఘం పత్రిక నిబంధనల కోసం, వచ్చిన రోజే చదివి దాచుకోవాలి. సన్నది రేటింగ్ వచ్చినవాళ్ళు మానకూడదు. చివరి పేజీకి ముందు పేజీతో మొదలుపెట్టాలి, దాన్ని ఇంట్లోవాళ్ళు కూడా చదవాలి. మాస్టారు చదివి, ఇది నీ భాష కాదే అన్నాడు కళ్ళజోళ్ళాయనతో. చివరి వాక్యం కింద గీత గీసి బోర్డుకు గుచ్చాడు.

మూడు వారాల తర్వాత ఒక గురువారం షాపుకు సెలవు పెట్టారు. మబ్బు కిందికే ఉంది కానీ పల్చగా, వెచ్చగా ఉంది, పైన అంతా తేటగా ఉందని తెర చెప్పింది. ఆయన రెండుసార్లు చదివాడు. లేచిన కాసేపటికే కిటికీ తెల్లబడిపోయింది. విమానం పక్కకు ఒరిగిపోతోందని ఆవిడ ఒళ్ళంతా చెప్పింది. ఒరగలేదు. ఆయన చూపు ఒక ముల్లు మీంచి ఇంకో ముల్లు మీదికి, అక్కణ్ణుంచి మొదటిదానికి తిరుగుతూనే ఉంది. ఒక్కసారి కూడా ఆవిడ వైపు తిరగలేదు. అది ఆవిడకు నచ్చింది. నాలుగు నిమిషాల తర్వాత ఎండ వచ్చింది.

దిగినచోట ఒక కాపలా మనిషి తప్ప ఎవరూ లేరు. టాక్సీ దొరకడానికి ముప్పావుగంట పట్టింది. బేకరీ తలుపు తోసుకుని లోపలికి వెళ్తే, మోచేతుల దాకా పిండితో అక్క తలెత్తి చూసింది. కోపంగా ఉండాలన్న సంగతి ఆమెకు గుర్తు రావడానికి ఒక్క క్షణం పట్టింది, ఆలోగా నవ్వేసింది.

"చెప్పి రావచ్చు కదే. నిన్నటి బన్నులే ఉన్నాయి" అంది.