వెనక జనం ఉన్నారు

గ్యాసు కట్టేశానో లేదో అని మెట్లు దిగినదల్లా మళ్ళీ ఎక్కి చూసుకునే మనిషి ఆవిడ. కూతురు కాస్త ఆలస్యమైతే చాలు, ఆవిడ మనసు ఆస్పత్రులన్నీ తిరిగొచ్చేస్తుంది. అలాంటి తల్లిని తీసుకెళ్ళి అంతరిక్షం సినిమా ముందు కూర్చోబెట్టాలని ఆ పిల్లకి ఎలా తోచిందో మరి.

కూతురు ఎలక్ట్రీషియన్. సముద్రం అడుగున కేబుళ్ళు వేసే ఓడలో పని వచ్చింది. ఎక్కిందంటే నెలల తరబడి నీళ్ళ మీదే. మధ్యలో ఫోను అందుతుందో లేదో కూడా చెప్పలేం. వస్తుందో రాదో రేపు పొద్దున్నకల్లా వాళ్ళకి చెప్పాలి.

"నువ్వు వద్దంటే మానేస్తానమ్మా, ఒట్టు," అంది కూతురు. "కానీ ఇంట్లో కూర్చుని ఆలోచించకు. ఇంట్లో అయితే నీ ఊహల్లోనే నన్ను ముంచేదాకా వదలవు. సినిమాకి పోదాం. వచ్చేటప్పుడు చెప్పు."

అంటుందే గానీ, ఓడ మీద వేసుకునే బూట్లు అప్పుడే కొనేసింది. మంచం కింద దాచి, తల్లి పడుకుందనుకుని వేసుకుని గదిలో తిరుగుతోంది. ఆ టకటక వింటూనే తల్లి "వద్దు" అన్న మాటని కొంగున ముడేసి పెట్టుకుంది.

హాలు ముందు పోస్టరు చూసి ఆవిడ ఆగిపోయింది. నల్లటి చీకట్లో తెల్లసూటు తొడుక్కున్న ఆడపిల్ల, ఒక్కతే, తెగిన తాడు పట్టుకుని తేలుతోంది. కూతురు నీళ్ళ సీసా కొనడానికి పక్కకెళ్ళింది. తల్లి వెళ్ళి తలుపు దగ్గర టికెట్లు చింపే పెద్దాయన ముందు నిలబడిపోయింది.

"అన్నయ్యగారూ, ఒక్కమాట. ఈ పిల్ల చివరికి ఇల్లు చేరుతుందా?"

ఆయన ఆవిడ వంక చూశాడు, ఆవిడ వెనక్కీ చూశాడు. "చేరుతుందమ్మా."

"కాళ్ళూ చేతులూ అన్నీ బాగానే ఉంటాయా?"

"నిక్షేపంలా వస్తుంది. పదండి."

అది చాలు. ఏ పుస్తకమైనా చివరి పేజీ ముందు చదువుకునే అలవాటు ఆవిడది. చివర మంచిదైతే మధ్యలో ఎన్ని కష్టాలైనా చూడగలదు.

లోపల దీపాలు ఆరిపోయాయి. తెరమీది పిల్లకి ఒకటి పోతే ఒకటి వచ్చిపడ్డాయి. నౌకకి చిల్లు పడింది. తోటివాళ్ళు పోయారు. గాలి తరిగిపోతోంది. రేడియోలో కింద భూమ్మీది వాళ్ళ గొంతు ఆగిపోయింది. అయినా ఆ పిల్ల, ఏ తీగ కలుపుతోందో, ఏ తలుపు మూస్తోందో, జవాబు రాని మైకులో చెబుతూనే ఉంది. తల్లి నింపాదిగా చూస్తోంది. "ఉన్నది కాస్త కాస్త తినాలి గానీ, అంతా ఒక్కసారే తింటుందేంటి," అని సణిగింది కూడా.

అప్పుడు చేతి మీద చల్లగా ఏదో తగిలింది. కూతురి చెయ్యి. నా ఒంట్లో భయమనే వైరే లేదని ఇంటా బయటా కోతలు కోసే పిల్ల సీటు అంచుకి జరిగిపోయి, రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"వస్తుందిలేవే," అని చెవిలో చెప్పింది తల్లి.

"నీకెలా తెలుసు?"

"తెలుసులే. చూడు."

కూతురు చెయ్యి తీసుకోలేదు. బడిలో చేర్చిన రోజు పట్టుకుంది అంత గట్టిగా, మళ్ళీ ఇప్పుడే. అక్కణ్ణించి తల్లికి సినిమా సగమే కనబడింది. దీనికీ భయమే అన్నమాట. ఇంట్లో భయపడే పనంతా తనొక్కతే చేస్తున్నాననుకుంది ఇన్నాళ్ళూ. వద్దంటే మానేస్తానన్నది తల్లి మీద ప్రేమ కొద్దీ అనుకుంది. అందులో సగం, వద్దనిపించుకుందామన్న ఆశేమో.

తెరమీది పిల్ల ఇల్లు చేరింది. జనంతో పాటు కూతురు ముందుకు నడిచిపోయింది. తల్లి తలుపు దగ్గర ఆగింది.

"మీ నోటి చలవ అన్నయ్యగారూ. అన్నట్టే వచ్చింది."

"వచ్చిందా?" ఆయన నిజంగానే సంతోషించాడు. "పోన్లెండి. ఇవాళే వేశారు, నేనింకా చూళ్ళేదు."

"మరి వస్తుందని చెప్పారే?"

"ఏం చెయ్యనమ్మా? మీరేమో కదలరు. వెనక జనం ఉన్నారు."

కోపం రావాలి, రాలేదు. ఆయన ఊరికే అనేసిన మాట పట్టుకునే సినిమా అంతా కూర్చుంది. ఆ మాటే పిల్లకీ అందించింది.

బస్సు వచ్చింది. కూతురు మెట్టు మీద కాలు పెట్టి, ఎక్కకుండా వెనక్కి తిరిగింది. "ఇంకా చెప్పలేదు నువ్వు. ఏమనమంటావు?"

కొంగు ముడి విప్పి వద్దంటే చాలు. పిల్ల హమ్మయ్య అనుకుంటుంది, బూట్లు మంచం కిందే ఉండిపోతాయి. తల్లి కళ్ళ ముందు తుఫాను లేచింది, ఓడ ఒరిగింది, అన్నీ వరసగా వచ్చేశాయి.

"వస్తానని చెప్పు వాళ్ళకి," అంది. "ఆ బూట్లలోకి మందపాటి మేజోళ్ళు కొనుక్కో. నీ నడక వింటే తెలుస్తోంది, కరుస్తున్నాయి."

కూతురు బిక్కమొహం వేసింది. "అక్కడ నాకేమైనా అయితే?"

"ఏం కాదు. నిక్షేపంలా వస్తావు."

"నీకెలా తెలుసమ్మా?"

"ముందు ఎక్కవే," అని వీపు మీద చెయ్యేసింది తల్లి. "వెనక జనం ఉన్నారు."

కూతురు తల్లి భుజం మీదుగా చూసింది. స్టాపు ఖాళీగా ఉంది. అయినా బస్సెక్కింది.