అడగకుండానే తెరుచుకున్న ఖాతా

కోట గుమ్మం దగ్గర కట్టేసి వెళ్ళిన గుర్రం ఇవాళ నదికి అవతల మేస్తోంది. తగ్రీద్ ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. ఈ ఆటలో గుర్రం దానంతటది కదలదు. ఎవరో తన ఖాతాలోకి వచ్చి వెళ్ళారు.

ఆమె పాస్‌వర్డ్ తెలిసిన మనిషి సుజూద్ ఒక్కతే. ఇర్బిద్ పట్టణంలో యూనివర్సిటీ వీధిలోని కాఫీ కొట్టులో పక్కపక్కన కూర్చుని ఇద్దరూ ఆటలో తమ జట్టును నిలబెట్టారు. అయినా తగ్రీద్ ఆమెతో ఒక్క మాటా అనకుండా పాస్‌వర్డ్ మార్చేసింది.

మర్నాటికి గుర్రం ఇంకా దూరం పోయింది. జట్టంతా పోరాడి గెలిచి ఆమె చేతికిచ్చిన వెండి కత్తి మాయమైంది. ఎవరో సంతలో అమ్మేశారు!

కొత్త పాస్‌వర్డ్ కొడుతుంటే పక్కనుంచి చూసి ఉంటుంది, అనుకుంది తగ్రీద్. ఆ క్షణం నుంచి సుజూద్ ఫోన్ బోర్లా పెట్టినా అనుమానమే, ఊరికే నవ్వినా అనుమానమే. ఆటలో ఆమె కొత్త కవచంతో కనబడేసరికి ఇక ఆగలేకపోయింది.

"ఆ కవచం ఎక్కడిదే?"

"కొన్నా. ఏం?"

"నా కత్తి అమ్మి కొన్నావా?"

సుజూద్ టీ గ్లాసు కింద పెట్టింది. "మళ్ళీ అను."

"నా పాస్‌వర్డ్ నీకు తప్ప ఎవరికి తెలుసు?"

"తెలిస్తే దొంగనా? నీ పరీక్షలప్పుడు నీ కోటను కాపలా కాసిందెవరే? నాకా బుద్ధే ఉంటే అప్పుడే కోటంతా అమ్ముకునేదాన్ని!"

సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. సాయంత్రానికి జట్టులోంచీ తప్పుకుంది.

శుక్రవారం తగ్రీద్ ఇంటివాళ్ళందరూ ఆమె పెదనాన్న అదీబ్ ఇంట్లో భోజనానికి చేరారు. అన్నం మీద మాంసం పేర్చిన మన్సఫ్ పళ్ళెం ఖాళీ అయ్యాక, బస్సు నడపడం మానేసి ఇంటిపట్టునే ఉంటున్న ఆ పెద్దాయన ఓ మూల కూర్చుని ఫోన్ తీశాడు. అందులోంచి గుర్రపు డెక్కల చప్పుడు. తగ్రీద్ లేచి ఆయన దగ్గరికి వెళ్ళింది.

"పెదనాన్నా, ఏం చేస్తున్నావ్?"

"గుర్రం తోలుతున్నానమ్మా. నువ్విచ్చిన ఫోన్లోనే ఉంది. వేలు పెడితే చాలు తెరుచుకుంటుంది, ఏమీ అడగదు. ఎవరో గానీ దయలేని మనిషి, పాపం దాన్ని ఆకలికి మాడ్చేస్తున్నారు. చేతిలో కత్తేదో ఉంటే అమ్మేసి గడ్డి కొన్నా."

ఆ పాత ఫోన్ ఇచ్చేముందు తగ్రీద్ ఖాతాలోంచి బయటికి రాలేదు. పాస్‌వర్డ్ మార్చినప్పుడు ఆట అడిగింది కూడా, మిగతా ఫోన్లలో ఖాతా మూసేయాలా అని. ఆ తొందరలో చదవకుండానే వద్దని నొక్కేసింది. ఇప్పుడు సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ ఫోన్‌ను తొలగించింది. పెద్దాయన ముఖం చిన్నబోతే అక్కడే కూర్చుని, ఆయన పేరునే కొత్త ఖాతా తెరిచి, ఓ గోధుమరంగు గుర్రాన్ని ఇప్పించింది.

అటునుంచి అటే సుజూద్ ఇంటికి వెళ్ళింది. గుమ్మంలోనే జరిగినదంతా చెప్పింది.

"కత్తి పోయిందని కాదు నువ్వు నన్ను అనుమానించింది," అంది సుజూద్. "గుర్రం కదలగానే అనుమానించావు. నాకు చెప్పకుండా పాస్‌వర్డ్ మార్చావు."

"తప్పే. క్షమించవే."

సుజూద్ చెప్పులేసుకుంది. "పద."

కాఫీ కొట్టులో ఎప్పటి బల్ల దగ్గరే కూర్చున్నారు. సుజూద్ ఆట తెరిచి, తన పాస్‌వర్డ్ కొట్టబోతూ ఆగింది.

"కాస్త అటు తిరుగు," అంది.

తగ్రీద్ వీధివైపు తిరిగింది.