తల్లి వచ్చిన ఇల్లు

కుండ అడుగు గీరుతూ "జొన్నలు అయిపోయినాయి" అన్నాను. కాపురానికి వచ్చిన కొత్త. మా అత్త ఈరక్క గబుక్కున వచ్చి నా నోటి మీద చెయ్యి పెట్టింది. "అట్ల అనగూడదు. నిండుకున్నాయి అనల్ల." కుండ ఖాళీ అని ఇద్దరికీ తెలుసు. ఆ పూట గంజితో సరిపెట్టుకునేదీ మేమిద్దరమే. అలా ఒక్కొక్క మాటా నేర్చుకున్నాను. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. నా మొగుడు కంబన్న నన్ను కొట్టడు, చెయ్యి చేసుకుంటాడు. వీపు మీద వాతలు తేలినా ఆ మాట ఎంత మర్యాదగా ఉంటుందో.

ఈ ఎండాకాలం నా కూతురు గిడ్డమ్మకు ఒళ్లంతా బొబ్బలు లేచాయి. "మశూచి అత్తా, మైదుకూరు డాక్టరు దగ్గరికి..." అంటుండగానే మళ్లీ అదే చెయ్యి నా నోటి మీద పడింది. "ఆ పేరెత్తద్దు. తల్లి వచ్చిండాది." కంబన్న అరుగు మీద నుంచి లేవలేదు. "తల్లి ఇంటికొస్తే బండి కట్టి యాడికి తోల్తావు?" అన్నాడు. గుమ్మానికి వేపాకు కట్టారు. ఆవాల చిటపటకు తల్లికి కోపం వస్తుందని కూరల్లో తిరగవాత మానేశారు. నేను వేపమండతో విసురుతూ ఆలోచించాను. రోగం అంటే మొగవాడు లేవాలి, ఎద్దులను కట్టాలి, డాక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. తల్లి అంటే ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు. ఆడది మేలుకుని విసిరితే చాలు.

గిడ్డమ్మ చచ్చిపోయింది. "తల్లి చల్లగా పిల్చుకునిండాది" అన్నారందరూ. ఏడవబోతే అత్త పక్కకు లాక్కుపోయింది. "ఏడిస్తే తల్లి నీ చంకలో పిల్లోణ్ని గూడా చూస్తాది. నేను ఇద్దరు బిడ్డల్ని ఇట్లే పంపించినా జీవమ్మా. నోరెత్తినానా?" ఆమెను తిట్టుకోవడానికి కూడా మనసొప్పలేదు. ఆ ఇద్దరి పేర్లు ఈ ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

కొద్ది రోజులకే టీకాలు వేసే ఆయన వచ్చాడు. మశూచి ఎవరికైనా వచ్చిందా అని అడిగాడు.

"అట్లాంటిదేం లేదప్పా. తల్లి వచ్చి పోయింది, అంతే" అన్నాడు కంబన్న.

ఆయన పక్కింటికి తిరిగాడు. నేను పిల్లవాణ్ని చంకనేసుకుని వీధిలోకి పరుగెత్తాను. "నా బిడ్డ మశూచితో చచ్చిపోయిందప్పా. వీనికన్నా టీకా వెయ్యి."

వీధిలో ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. ఆయన పిల్లవాడి నుదురు పట్టుకుని చూశాడు. నోరు తెరిపించి నాలుక మీద పొక్కులు చూశాడు. నిన్నటి నుంచి వాడి ఒళ్లు కాలుతుంటే, ఎండ తగిలింది అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆయన పెట్టె మూశాడు. చదువుకున్న మనిషి, సర్కారు మనిషి.

"ఇంక ఆ తల్లి దయమ్మా" అన్నాడు.

ఇప్పుడు మళ్లీ విసురుతున్నాను. అత్త గుమ్మానికి కొత్త వేపాకు కడుతోంది. వీధిలో పరువు తీశానని కంబన్న నన్ను కొట్టాడు. కొట్టాడు అనే అంటున్నాను. పెదవి చిట్లి ఉప్పగా ఉంది. వీడు బతకడని నాకు తెలుసు, చేయగలిగింది ఏమీ లేదు. ఈసారి మాత్రం నా నోటి మీదికి ఏ చెయ్యి వచ్చినా కొరుకుతాను. అత్తను అడిగి ఆ ఇద్దరి పేర్లు కూడా తెలుసుకుని, వీడూ చచ్చిపోయాక నలుగురినీ పేరుపేరునా పిలిచి ఏడుస్తాను.