దిట్టం

తన కారు ఇంజన్ తానే విప్పుతానని నారాయణి అంటే పాకాల మెకానిక్ మునిప్రసాద్ నవ్వలేదు. నవ్వే మొహం ఉంటే కదా! ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో ఆయన కొత్తది బిగిస్తే నెల తిరక్కుండానే పోయింది. షెడ్డులో ఒక మూల ఇస్తానన్నాడు, కాకపోతే చేసే పనంతా ముందు నోటుబుక్కులో రాసుకుని రమ్మన్నాడు.

నారాయణి తిరుపతిలో ఫైళ్లు చూసుకునే ఉద్యోగి. స్పానర్ పట్టి ఎరగదు. అయినా ఎందుకీ తలనొప్పి అంటే, నాయన కోసం. వేంకటాచలపతి ముప్పై ఏళ్లు గుడి పోటులో, అంటే స్వామివారి వంటశాలలో, ప్రసాదాలు వండిన మనిషి. రిటైరైనా శనివారం శనివారం పూతలపట్టు దగ్గరి చిన్న గుడిలో పొంగలి వండి రాందే ఆయనకు వారం గడవదు. మోకాళ్లు బస్సెక్కనివ్వవు, కారే దిక్కు. అది మూలపడి మూడు శనివారాలు పోయాయి. ఆ మూడు శనివారాలూ ఆయన పొద్దున్నే స్నానం చేసి, మడిపంచె కట్టుకుని, వరండాలో ఊరికే కూర్చున్నాడు. అది చూడలేకే ఆమె స్పానర్ పట్టాలనుకుంది.

వీడియోలు చూసి చూసి పన్నెండు పేజీలు రాసింది. ఏ బోల్టు ఏ డబ్బాలో వేయాలో కూడా రాసింది. మొదటి పేజీలో తేదీ వేసింది, వచ్చే శనివారం. చివరి వరుస: ‘స్టార్ట్ చేసి చూడాలి. శబ్దం వస్తే మళ్లీ విప్పాలి.’

నాయన కళ్లద్దాలు పెట్టుకుని పన్నెండు పేజీలూ చదివాడు.

“ముందరిది ఎందుకు పోయింది తల్లీ?”

ఆయిల్ అందక, అంది. నిమిషానికి లక్షసార్లు పైగా తిరిగే చక్రమది, ఆయిల్ లేకుంటే క్షణాల్లో అరిగిపోతుందని చెప్పింది.

“ఆయిల్ యాడినుంచి వస్తాది?”

“సన్న పైపులోనించి.”

“ఆ పైపు నీ పుస్తకంలో యాడుండాది?”

ఆమె వెనక్కీ ముందుకీ తిప్పింది. ఎక్కడా లేదు. పూడిపోయిన పాత పైపుకే మునిప్రసాద్ కొత్త టర్బో తగిలించాడు. ఆమె కూడా అదే చేయబోయింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఆయన వేలు చివరి వరుస మీద ఆగింది. “సూసేదానికి స్టార్ట్ చేస్తే ఆడికే చెడిపోతాది కదా. స్వామికి పెట్టకముందు మేం రుచి సూడకూడదు. ఉప్పైనా, నెయ్యైనా దిట్టం ప్రకారమే, రాసిన కొలత ప్రకారమే పడాల. ముప్పై ఏళ్లు అట్లనే వండినాను.”

“భయమేయలేదా నాయనా?”

“రోజూ ఏసింది. అందుకే రోజూ కొలిచినాను.”

నారాయణి చివరి వరుస కొట్టేసింది. కొత్త పైపు వేయాలి. ఆయిల్ తొట్టి కడగాలి. డీజిల్ ఆపి, ఇంజన్‌ను ఊరికే తిప్పి, ఆయిల్ టర్బోదాకా చేరిందని చూసుకున్నాకే స్టార్ట్ చేయాలి. రాసి లెక్క వేసుకుంది. పైపు తెప్పించి ఇదంతా చేయాలంటే ఇంకో నెల పడుతుంది. అంటే ఇంకో నాలుగు శనివారాలు.

ఆ లెక్క కనబడేలా నోటుబుక్కు నాయన వైపు జరిపింది. వేంకటాచలపతి ఆమె చేతిలోని పెన్ను తీసుకుని, మొదటి పేజీ తిప్పి, ‘వచ్చే శనివారం’ మీద తనే గీత కొట్టాడు. తర్వాత లోపలికి వెళ్లి, దండెం మీది మడిపంచె మడతపెట్టి పెట్టెలో పెట్టేశాడు.