దారిచ్చే జబ్బు

శ్యామ్ బాబు ఇన్నేళ్ళూ రేసులు ఓడిపోతూ వచ్చాడంటే తప్పు అతనిది కాదు, కారుదీ కాదు. మీది. ఎన్నికలొచ్చినప్పుడల్లా కాలవగట్టు రోడ్డు వెడల్పు చేస్తామని కొబ్బరికాయ కొట్టి, చిప్పలు కూడా ఏరుకోకుండా వెళ్ళిపోయిన పెద్దమనుషులారా, ముమ్మాటికీ మీదే. కారు రేసులకీ కాలవగట్టుకీ ఏమిటి సంబంధమని నవ్వకండి. వినండి.

శ్యామ్ బాబు రేసు డ్రైవరు. సరదాకి కాదు, అదే అతని ఉద్యోగం. తమిళనాడులో ఒక జట్టు జీతమిచ్చి అతని చేత కారు నడిపిస్తోంది. తండ్రి సాలమోను మాస్టారు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. వాళ్ళ ఊరు నగరం నుంచి లోపలికి, కాలవగట్టు వెంట ఉంటుంది. ఆ గట్టు మీద ఒక్క బండి పడుతుంది. రెండోది ఎదురొస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి, లేదా కాలవలోకి పోవాలి. అందుకని అక్కడొక మర్యాద పుట్టింది. గట్టు కాస్త వెడల్పైన చోటు ఎవరికి దగ్గరైతే వాళ్ళే రివర్సు చేసుకోవాలి. చెయ్యనివాడు ఇంటికి చేరేలోపే అతని సంగతి ఊరంతా చేరిపోతుంది. "ఫలానా వారబ్బాయి దారివ్వలేదటండి" అనిపించుకోవడం అక్కడ దొంగతనం చేసి దొరికిపోవడం కన్నా అవమానం.

మాస్టారు కొడుక్కి కారు నేర్పింది ఆ గట్టు మీదే. ఆయనకి మర్యాద మరీ ఎక్కువ. చోటు ఎవరికి దగ్గరో చూడడు. దూరంగా సైకిలు కనిపించినా వెనక్కే. అలా శ్యామ్ బాబుకి ముందుకి నడపడం కన్నా వెనక్కి నడపడమే బాగా వచ్చింది.

ఆ జబ్బు ట్రాక్ మీదికీ వెళ్ళింది. అద్దంలో వెనక కారు కనిపిస్తే చాలు, కాలు తనంతట తనే యాక్సిలరేటరు మీంచి లేచిపోయేది. పక్కకి జరిగి, వెళ్ళేవాడికి చెయ్యి కూడా ఊపేవాడు. అతనితో పోటీ అంటే మిగతా డ్రైవర్లకి పండగ. జట్టు యజమాని మొదట్లో నవ్వాడు. తరవాత నవ్వడం మానేశాడు. "ఆఖరి రేసు ఉంది. అందులో ఒక్కడికి దారిచ్చినా వచ్చే ఏడు నీ సీటు ఇంకొకడిది" అన్నాడు.

ఆ సీటు పోతే ఇంకో జట్టు పిలవదు. శ్యామ్ బాబు పేరు అందరికీ అలా తెలిసిపోయింది మరి. జబ్బు పుట్టిన చోటే మందు తీసుకుందామని ఇంటికొచ్చాడు. గట్టు మీద ఎవరెదురొచ్చినా ఈసారి వెనక్కి పోనని తల్లి హన్నాకి చెప్పాడు.

"ప్రార్థన చేస్తాన్లే నాన్నా" అంది హన్నా.

"గెలవాలనా?"

"కాదు. నీకెదురొచ్చేవాళ్ళకి ఓపికివ్వమని."

మర్నాడు పొద్దున్నే ఎదురొచ్చింది గంగాభవాని. చెరువుల దగ్గర రొయ్యలకి ఐసు వేసి ట్రాలీ ఆటోలో రొయ్యలు కొనే సెంటరుకి తోలుతుంది. వెడల్పు చోటు శ్యామ్ బాబు వెనకే ఉంది. అయినా కారాపి, స్టీరింగు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

"ఏం మాస్టారబ్బాయ్, రివర్సు గేరు పాడయ్యిందా?"

"లేదండి పిన్నిగారూ. ఇయ్యాళ వెనక్కెళ్ళనండి."

"అలాగా. ఊళ్ళో ఎన్నాళ్ళుంటావేంటి?"

"వారం రోజులండి."

"ఆయ్. అయితే ఇక్కడే ఉందాం. అమ్మగారు కేరేజీ పంపిత్తారా, మా ఇంటికి కబురెట్టమంటావా?" అని ఇంజను ఆపేసి కిందకి దిగింది.

ఇంతలో మోటారుసైకిలు మీద కేశవరావు వచ్చాడు. కొబ్బరికాయల బేరగాడు. పక్కనుంచి దూరిపోయే సందుంది, కానీ వేడుక వదులుకుంటాడా? "ఇదేనాండి రేసంటే? ఎవరు ముందున్నట్టండి?" అన్నాడు.

శ్యామ్ బాబు స్టీరింగు వదిలేశాడు. దిగొచ్చి చేతులు జోడించాడు. "కోపం తెచ్చుకోకండి పిన్నిగారూ. దారిచ్చే అలవాటు మానకపోతే ఉద్యోగం పోద్దండి" అని సంగతంతా చెప్పాడు.

గంగాభవాని విని, "అక్కడ రోడ్డు ఎంత వెడల్పుంటాదేంటి?" అంది.

"మూడు లారీలు పక్కపక్కన పట్టేత్తాయండి."

"మూడు లారీలే! మరి నువ్వు జరగడమెందుకయ్యా? చోటు లేనప్పుడు కదా ఇచ్చుకోవాలి. అంత ఖాళీ ఉంటే ఎల్లగలిగినోడు ఎల్తాడు. నువ్వు తప్పుకుంటే వాడికి చేతకాదన్నట్టు. అది మర్యాదేనా?"

శ్యామ్ బాబు వేళ్ళ మీద లారీలు లెక్కపెట్టుకున్నాడు.

"ఇక్కడ మాత్రం చోటు లేదు. నా ఐసు కారిపోతంది. వెనక్కెల్లు నాయనా."

వెళ్ళాడు. అద్దం మాత్రమే చూసుకుంటూ, గట్టు అంచుకి చక్రం తగలకుండా దూసుకుపోయాడు. "వెనక్కెళ్ళే రేసులుంటే కప్పు మనదేనండి" అన్నాడు కేశవరావు.

ఆఖరి రేసు ఆఖరి ల్యాప్‌లో శ్యామ్ బాబు మూడో స్థానంలో ఉన్నాడు. అద్దంలో ఎర్రకారు పెద్దదైంది. కాలు లేవబోయింది. కుడివైపు చూశాడు, ఒక లారీకి చోటు. ఎడమవైపు చూశాడు, ఇంకో లారీకి చోటు. కాలు మళ్ళీ దిగింది, ఈసారి అడుగుదాకా. ఎర్రకారు పక్కకొచ్చింది. మలుపులో రెండు కార్లూ తలుపులు రాసుకునేంత దగ్గరగా తిరిగాయి. బయటికొచ్చేసరికి శ్యామ్ బాబే ముందున్నాడు.

సీటు నిలబడింది. అయినా శ్యామ్ బాబు ఆ ఎర్రకారు డ్రైవర్ని వెతుక్కుంటూ వెళ్ళి క్షమించమన్నాడు. ఫోన్లో మాస్టారి మొదటి మాట: "సంతోషం నాన్నా. ఆ వెనకబ్బాయి ఏమీ అనుకోలేదు కదా?"

ఇప్పుడు పెద్దమనుషులు శాలువాతో వచ్చి, వీధి మొదట్లో స్టేజీ కట్టించారు. "మన గట్టు రోడ్డే ఈ వీరుణ్ణి తయారుచేసింది" అని మైకులో ఒకాయన అనేశాడు కూడా. శ్యామ్ బాబు మర్యాదస్తుడు, దండం పెట్టి ఊరుకున్నాడు. అతనూరుకుంటే సరిపోదు. మీ రోడ్డు చేసింది జబ్బు. దాని వల్ల కుర్రాడు ఉద్యోగం పోగొట్టుకునేదాకా వచ్చాడు. గట్టు దిగలేని గంగాభవానికి ఐసు రోజూ కారుతూనే ఉంది.

శాలువా మడిచి పెట్టండి. ఈ వేసవిలో కాలవకి నీళ్ళు కట్టేస్తారు కదా. మళ్ళీ నీళ్ళు వదిలేలోగా గట్టుకి రాయి కట్టాలి, రెండు బండ్లు పట్టేలా వెడల్పు చెయ్యాలి, కాలవవైపు రెయిలింగు వెయ్యాలి. పని ఏ రోజు మొదలుపెడతారో, ఈ స్టేజీ దిగకముందే, అదే మైకులో చెప్పండి.