అద్దాల బీరువాలో వాగు

"లైబ్రరీలో పెట్టాం. నెల రోజులు పెట్టాం. ఒక్కరన్నా వచ్చి అడిగారా?"

వేదిక మీది అధికారి ఆ మాట అనేసి సీసా మూత తిప్పి నీళ్లు తాగాడు. కింద కూచున్న జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రంగుల ఫ్యాక్టరీ రెట్టింపు కాబోతోందనీ, దాని మురుగంతా వాగులోకే వదులుతారనీ వాళ్లకు తెలుసు. దాని మీద ఒక రిపోర్టు ఉందన్న సంగతి మాత్రం ఇప్పుడే వింటున్నారు.

వాగులో బట్టలుతికి బతికే పెద్దమ్మ లేచి నిలబడింది. "మరి మాకెవరు చెప్పారు నాయనా?"

"నోటీసు బోర్డులో వేశాం."

"ఏ బోర్డు?"

"లైబ్రరీ బోర్డే."

హాల్లో నవ్వు లేచింది. అది సంతోషం నవ్వు కాదు. ఆఖరి వరసలో ఒంటరిగా కూచున్న మనిషి తల ఇంకాస్త దించుకున్నాడు. ఆయనే లైబ్రేరియను. 'నిశ్శబ్దం' అన్న బోర్డు వైపు వేలు చూపించడం తప్ప ఎవరితోనూ మాట్లాడడని ఊరంతా ఆయన్ని సైలెన్సు సారు అంటారు.

నవ్వు గోలయింది. గోల ముదరకముందే అధికారి మెట్టు దిగాడు. వచ్చే మంగళవారం మళ్లీ కూచుంటామనీ, అభ్యంతరాలుంటే ఆధారాలతో రమ్మనీ చెప్పి జీపెక్కాడు.

సైలెన్సు సారు లైబ్రరీకి నడిచి వెళ్లి తాళం తీశాడు. రిపోర్టు అద్దాల బీరువాలోనే ఉంది. వచ్చిన రోజే దానికి అట్ట వేశాడు, ముద్ర కొట్టాడు, నంబరు అంటించాడు, 'బయటికి ఇవ్వబడదు' అని చీటీ పెట్టి బీరువాకు తాళం వేశాడు. ఆయన నేర్చుకున్న పని అది. చెదల నుంచి, వాన నుంచి, జనం చేతుల నుంచి పుస్తకాన్ని కాపాడటం. పేపర్లో ఉద్యోగాల పేజీ చూసి పోయేవాళ్లు తప్ప ఆ గదిలోకి వచ్చేదెవరు? మధ్యాహ్నం బీరువాల వెనక కూచుని ఒక్కడే డబ్బా విప్పుకుంటాడు. సాయంత్రం ఒక్కడే కిటికీలు మూస్తాడు. తన గొంతు తనకే వినపడని రోజులు చాలా ఉన్నాయి. రిపోర్టు తీసి వెలుతురుకు పట్టి చూశాడు. కొత్తగా, పదిలంగా ఉంది. దాని మీద ఒక్క వేలిముద్ర లేదు.

తెల్లారి పెద్దమ్మ వచ్చింది. వెంట హమాలీల యూనియన్ అన్న.

"అది మాకివ్వు సారూ."

"బయటికి ఇవ్వకూడదమ్మా."

"సరే, ఇక్కడే కూచుని చదువుతాం," అన్నాడు యూనియన్ అన్న. "ఎన్ని కుర్చీలున్నయ్?"

"పది."

"మేమెంతమందిమో తెలుసా సార్?"

సైలెన్సు సారు మూలనున్న స్కానరు వైపు చూశాడు. పాత పేపర్లు ఎక్కించడానికి ఇచ్చిన యంత్రం అది. ఇంటర్నెట్లో లైబ్రరీకొక పేజీ కూడా ఉంది. కొత్త పుస్తకాల పేర్లు అందులో పెడతాడు, ఎవరూ చూడరు. రిపోర్టు తెచ్చి అద్దం మీద బోర్లించాడు. లావు పుస్తకం. కుట్టు దగ్గర అక్షరాలు లోపలికి పోయి నల్లగా పడ్డాయి. వాగు నీళ్ల పరీక్షల లెక్కలన్నీ ఆ నలుపులోనే ఉన్నాయి.

పేజీ మూల మడిచినవాడికి జరిమానా వేసే మనిషి, సొరుగులోంచి బ్లేడు తీశాడు. కుట్టు కోశాడు. విడిపోయిన కాగితాలన్నీ స్కాన్ చేసి ఆ ఇంటర్నెట్ పేజీలో పెట్టాడు.

అప్పట్నుంచి జనం ఆగలేదు. ఎవరింట్లో ఏముంటే అది తెచ్చారు. ఎప్పుడో ఇచ్చిన అర్జీ నకలు, ఎర్రబడిన బావి ఫోటో, ఆసుపత్రి చీటీ. ప్రతిదానికీ ఎవరిచ్చారు, ఏ వీధి, ఏ ఏడు అని రాసుకుని స్కాన్ చేశాడు. పెద్దమ్మ ఒక దుప్పటి తెచ్చి బల్ల మీద పరిచింది. తెల్ల దుప్పటి వాగులో ఉతికితే గులాబీ రంగు చారలు తేలింది.

"ఇది కాగితం కాదు. పెట్టుకుంటావా?"

ఆయన చారలున్న అంచు స్కానరు మీద పరిచాడు. వివరాల పట్టికలో 'ఇచ్చినవారు' దగ్గర ఆమె పేరు రాశాడు. 'రచయిత' దగ్గర కాసేపు ఆగి, 'వాగు' అని రాశాడు.

"దానికి చదువొచ్చని నాకు తెలీదే," అంది పెద్దమ్మ.

సాయంత్రం అక్కడే మీటింగు. ఒక హమాలీ అడ్డం తిరిగాడు. "ఫోన్లో పెడితే సరా? మా అమ్మకు చదువు రాదు. మీ లెక్కలు ఎవడిక్కావాలి?" మాటకు మాట పెరిగింది. చివరికి తేలిందేమిటంటే, చదువొచ్చినవాళ్లు తలా ఒక పేజీ తమ గొంతుతో చదవాలి, ఆ గొంతు కూడా రికార్డు చేసి పేజీ పక్కనే పెట్టాలి. కాలేజీ పిల్లలు, కుట్టుపనివాళ్లు, డ్రైవర్లు చదివారు. తడబడ్డారు, మళ్లీ చదివారు. ఆ గదిలో అంత గోల ఎన్నడూ లేదు.

"మీరూ ఒకటి చదవండి సార్."

సైలెన్సు సారు కాగితం పట్టుకుని నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. గొంతు రాలేదు. కాగితం పక్కవాడికిచ్చి వరండాలోకి వెళ్లిపోయాడు. లోపల అందరి గొంతులూ ఒకటవుతున్నాయి. బయట ఆయన ఒక్కడు.

సోమవారం పైనుంచి ఫోను. "ఏంటయ్యా అది? తీసెయ్."

"లైబ్రరీలో పెట్టామని మీరే చెప్పారు కదండీ."

"పెట్టమన్నాం. చదివించమన్నామా?"

ఆయన తియ్యలేదు. వాళ్లే తీయించారు. మర్నాడు పొద్దున్నే పోలీసులొచ్చి కంప్యూటరు, స్కానరు, దుప్పటి పట్టుకెళ్లారు. ఆయన్నీ జీపెక్కించారు. ప్రభుత్వ పుస్తకాన్ని కోసి పాడుచేశాడని కేసు.

"కోసింది ఎవరు?" అనడిగాడు ఎస్సై.

"నేనే."

ఎస్సై బందోబస్తుకు హాలు దగ్గరికి వెళ్లిపోయాడు. స్టేషనులో ఒక బల్ల, గోడ వారగా ఆయన, కాపలాకు ఒక కానిస్టేబులు. హాలు రోడ్డుకు అవతలే. జనం వస్తున్న అలికిడి తెలుస్తూనే ఉంది. ఎవరన్నా ఇటు తొంగి చూస్తారేమోనని ఆయన కాసేపు గుమ్మం వైపు చూశాడు. ఎవరూ రాలేదు. రావాల్సిన చోటికే వెళ్తున్నారని సర్దిచెప్పుకున్నాడు. ఉద్యోగం పోతే ఏం చెయ్యాలో, తనకు ఇంకేం పని వచ్చో ఆలోచించాడు. ఏమీ తోచలేదు.

అంతలో హాల్లోంచి ఒక గొంతు లేచింది. పెద్దమ్మది. ఆమెకు చదువు రాదు. మనవరాలు చదివిన పేజీని విని విని బట్టీ పట్టింది. ఆ పేజీ ఆమె అప్పజెబుతోంది. ఆమె ఆగినచోట వందల గొంతులు అందుకున్నాయి. ఇంటర్నెట్లో పేజీ తీసేశారు గానీ, అప్పటికే అంతా దింపుకున్న ఫోను ప్రతి జేబులోనూ ఉంది.

కానిస్టేబులు గుమ్మం వైపు ఒకసారి చూసి, తన ఫోను తీశాడు.

"సార్. మాది వాగు పక్కనే, మిల్లు వెనక వీధి. మా వీధి ఎన్నో పేజీలో ఉంది?"

సైలెన్సు సారు చెప్పాడు. కానిస్టేబులు ఆ పేజీ వెతికి, తల వంచి, పెదవులు మాత్రం కదుపుతూ చదవసాగాడు. సగం దాకా వచ్చి ఆగాడు. వాళ్లింటి బావి నీళ్ల లెక్క అక్కడ ఉంది. మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాడు, అలాగే, లోలోపలే.

సైలెన్సు సారు చూస్తూ ఉన్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"పైకి చదువు బాబూ," అన్నాడు. "గట్టిగా. వాళ్లకు వినపడాలి."