ఓడీల్ జేబులో రాళ్ళు

స్కూలు నర్సు ఓడీల్ మిషో పొద్దున్నే తన గది తలుపు తీసి, హీటరు మీద చేతులు కాచుకున్నాకే పిల్లల్ని లోపలికి రానిచ్చేది. చల్లటి చేత్తో ముట్టుకుంటే కడుపునొప్పి ఊడిరాదు మరి. వెచ్చటి అరచేతిని బొడ్డు పక్కన ఆనించి మెల్లగా రాస్తే, నొప్పి గులకరాయిలా చేతిలోకి వచ్చేసేది. దాన్ని కోటు జేబులో వేసుకునేది. పిల్లలు చొక్కా సర్దుకుని క్లాసుకి పోయేవాళ్ళు.

సోమవారాలు రాళ్ళు ఎక్కువ. లెక్కల పరీక్ష ఉన్నరోజు ఇంకా ఎక్కువ. అయితే అవన్నీ తేలిక సరుకు, మధ్యాహ్నం భోజనానికల్లా చల్లారిపోయేవి. సాయంత్రం వాటిని బస్సులు ఆగేచోట గుమ్మరించేది. "ఓడీల్, నీ రాళ్ళకి మా టైర్లు పోతున్నాయి, కాస్త అవతల పారబోయవే తల్లీ" అని డ్రైవర్లు విసుక్కునేవాళ్ళు. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రం ఉత్తరపు అంచున, బంగాళాదుంప చేల మధ్యనున్న ఆ ఊళ్ళో, నర్సు రాళ్ళ గురించి అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు.

చిక్కల్లా ఒక్కటే. చల్లారేదాకా రాయి ఆమె ఒంటిని అంటిపెట్టుకుని ఉండాలి. పక్కన పెట్టిందా, ఎవరిది వాళ్ళ కడుపులోకి తిరిగిపోతుంది. ఒకసారి కోటు కొక్కేనికి తగిలించి కాఫీకి వెళ్తే, మూడో తరగతి మూడో తరగతంతా మెలికలు తిరిగిపోయింది.

సెలెస్ట్ రాయి మాత్రం చల్లారలేదు.

సెలెస్ట్‌కి పదేళ్ళు. మార్చి నెలలో వాళ్ళ నాన్న మంచుబండి మీద గడ్డకట్టిన సరస్సు దాటుతుంటే అడుగున మంచు పగిలింది. అప్పటినుంచి పిల్ల తాత దగ్గర ఉంటోంది. తాత మంచివాడే గానీ, ఆయన నోట మాట రావాలంటే ట్రాక్టరన్నా చెడిపోవాలి, వానన్నా పడాలి. అంత్యక్రియలయ్యాక సెలెస్ట్ స్కూలుకి వచ్చిన రోజు ఓడీల్ తీసిన రాయి రేగుపండంత ఉంది. పొయ్యిలోంచి తీసినట్టు కాలుతోంది. అది ఏప్రిల్లోనూ కాలింది, మే నెలలోనూ కాలింది. ఓడీల్ దాన్ని గుడ్డలో చుట్టి నడుముకి కట్టుకునే తిరిగేది, కట్టుకునే పడుకునేది.

సెలెస్ట్ రోజూ తలుపు దగ్గర నిలబడి తొంగిచూసేది.

"ఉందా మిస్?"

"ఉంది. నువ్వు అన్నం తిన్నావా?"

"తిన్నా."

అబద్ధం. ఎప్పుడు తిరిగొచ్చి పడుతుందోనన్న భయంతో పిల్ల కడుపు ఖాళీగా ఉంచుకునేది, అద్దెకివ్వని గదిలా.

ఇదిలా ఉండగా బోర్డువాళ్ళు కొత్త రూలు పెట్టారు. సెప్టెంబరు నుంచి స్కూలు నర్సుల పరీక్ష పాసై ధ్రువపత్రం తెచ్చుకున్నవాళ్ళే ఉండాలి. లేకపోతే గదికి తాళం, పక్క టౌను నర్సు మంగళవారం మంగళవారం వచ్చి చూసిపోతుంది. ఓడీల్ ఆ పరీక్ష అంతకుముందే రెండుసార్లు రాసి తప్పింది. జూన్‌లో మూడోది, అదే ఆఖరుది.

పుస్తకం తెరిస్తే చాలు, ఓడీల్‌కి ఆవులింతలు క్యూ కట్టేవి. అందుకని ఆమె కూతురు మార్గో వంటింట్లో ప్లోయ్ అట్లు పోస్తూ తల్లిని ప్రశ్నలడిగేది. ప్లోయ్ అట్టు ఒకవైపే కాలాలి, తిరగెయ్యకూడదు. కాబట్టి మార్గోకి తల్లిని సతాయించడానికి ఒక చెయ్యి ఎప్పుడూ ఖాళీయే.

"ఎనిమిదేళ్ళ పిల్ల కడుపునొప్పని వచ్చింది. నర్సు అన్నిటికన్నా ముందు ఏం చెయ్యాలి?"

"చేతులు వెచ్చబెట్టుకోవాలి."

"అది అసలు జవాబుల్లోనే లేదమ్మా!"

"ఉండాల్సింది."

"ఉండాల్సిందని నువ్వు, లేదని వాళ్ళు. మార్కులేసేది వాళ్ళు. ముందు అడగాలి, తర్వాత చూడాలి, తర్వాత చెవిపెట్టి వినాలి. ముట్టుకోవడం అన్నిటికన్నా ఆఖర్న."

"అంతసేపు పిల్ల ఏడుస్తూ కూర్చోవాలా?"

"పరీక్షలో పిల్ల ఉండదు. వాక్యం ఉంటుంది. వాక్యం ఏడవదు."

ఓడీల్ నవ్వింది. మార్గో నవ్వలేదు. పెనం దింపి తల్లి నడుము వంక చూసింది. "ఆ రాయి నాకియ్యి. ఆ ఒక్కరోజూ నేను కట్టుకుంటా."

"కిందటి వారం నీ చేతిలో పెట్టి చూశాంగా. అక్కడ పిల్ల బల్ల మీదికి ఒరిగిపోయిందట. నా ఒంటి మీద ఉంటేనే నిలుస్తుంది."

"అలాగైతే కట్టుకునే వెళ్ళు. చొక్కా వదులుది వేసుకో."

పరీక్ష రోజు దగ్గరపడ్డాక తెలిసింది, సెలెస్ట్ క్లాసుని అదే రోజు సరస్సు మీదికి పడవల్లో తీసుకెళ్తున్నారని. పిల్ల ముందు రానంది. తర్వాత ఓడీల్ గది తలుపు దగ్గరికొచ్చి నిలబడింది.

"నీళ్ళ మీద ఉన్నప్పుడు కూడా అది మీ దగ్గరే ఉంటుందా మిస్?"

"ఉంటుంది."

"ప్రామిస్?"

"ప్రామిస్."

"అయితే వెళ్తా."

పరీక్ష కేంద్రం చాలా దూరం. ఓడీల్ తెల్లవారకముందే బయల్దేరింది. అక్కడ బల్ల వెనక కూర్చున్న కుర్రాడు జేబులు తిరగేసి చూపించమన్నాడు, చొక్కా చేతులు పైకి మడవమన్నాడు, కళ్ళజోడు తీయించి దాని కాడలు కూడా పరీక్షగా చూశాడు. చివరికి వదులు చొక్కా దగ్గర ఆగాడు.

"నడుం దగ్గర ఎత్తుగా ఉందేంటి మేడమ్?"

"రాయి."

"మీదా?"

"కాదు. ఒక పిల్లది."

కుర్రాడు మొహం ముడుచుకుని వంగి, చెయ్యి దగ్గర పెట్టి వెంటనే వెనక్కి తీశాడు. "ఇంకా కాలుతోంది. పాపం." పైనున్న కెమెరా వంక చూశాడు. "లోపలికి ఒంటి మీద బట్టలు తప్ప ఇంకేం రానివ్వను మేడమ్. లాకర్‌లో పెట్టండి."

"పెడితే పిల్లకి వెళ్ళిపోతుంది. ఇప్పుడది పడవలో ఉంటుంది."

"అయితే వెనక్కి వెళ్ళిపోండి. కానీ పరీక్ష రాయనట్టు కాదు, తప్పినట్టే రాసుకుంటారు."

"పై అధికారులెవరైనా ఉన్నారా?"

"ఉన్నారు. కెమెరాలో చూస్తున్నారు. అదే నా బాధ."

ఓడీల్ ముడి విప్పింది. రాయిని వేళ్ళ మధ్య పట్టుకుని కాసేపు చూసింది. వెనక వరుసలో ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆమె దాన్ని నోట్లో వేసుకుంది. గుటక పడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మెడ చాచి, రెండోసారి మింగింది. రాయి గొంతంతా కాల్చుకుంటూ దిగి, పక్కటెముకల కింద చోటు చూసుకుని కూర్చుంది.

"మేడమ్, లోపలికి తినుబండారాలు కూడా..."

"అయిపోయింది."

కుర్రాడు నోరు తెరవమన్నాడు, నాలుక ఎత్తమన్నాడు, చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "సరే. కిటికీ పక్క కంప్యూటర్. మెల్లగా వెళ్ళండి."

పరీక్షలో కడుపునొప్పి ప్రశ్న రానే వచ్చింది. మార్గో నూరిపోసిన జవాబు నోటికొచ్చు, కానీ అప్పటికి అక్షరాలు నీళ్ళలో పడ్డట్టు అల్లాడుతున్నాయి. మార్చి నెల మొత్తం ఒక్కసారిగా ఆమె కడుపులోకి దిగింది: పగిలిన మంచు, ఒడ్డున దీపాలు, తాత మౌనం. ఓడీల్ బల్ల అంచు పట్టుకుని, ఎక్కడ పడితే అక్కడ నొక్కుకుంటూ పోయింది. తప్పింది. అంచుదాకా వచ్చి జారిపోవడం కూడా కాదు, దర్జాగా తప్పింది.

సరస్సు మీద ఏమైందో టీచరు తర్వాత చెప్పింది. ఏమీ కాలేదట. సెలెస్ట్ నీళ్ళలో చెయ్యిపెట్టి కూర్చుందట, అంతే.

గదికి తాళం పడింది. ఇప్పుడు పిల్లలు కడుపునొప్పులు మంగళవారం దాకా దాచుకుంటారు. పక్క టౌను నర్సు మంచిదే, అన్నీ వరసగా అడుగుతుంది. మాటలే వస్తాయి, రాళ్ళు రావు. డాక్టరు ఓడీల్‌కి రెండుసార్లు ఎక్స్‌రే తీశాడు. "ఉంది. అక్కడే ఉంటుంది," అని ఫిల్ము కవరులో పెట్టి ఇచ్చాడు.

సెప్టెంబరు చివర్లో దుంపల తవ్వకానికి స్కూళ్ళకి సెలవిచ్చారు. ఓడీల్ సెలెస్ట్ తాత పొలంలో కూలికి కుదిరింది. దుంపలు తవ్వే యంత్రం మీద, కదిలే బెల్టు ముందు నిలబడి, దుంపల మధ్య వచ్చే రాళ్ళని ఏరి పక్కకి విసరాలి. మొదటిరోజే, పక్కన అదే పనిలో ఉన్న మార్గో అంది: "అమ్మా, నీకు ఈ పనికి ఏ పరీక్షా పెట్టలేదా?" ఓడీల్ ఆమె మీదికి మట్టిగడ్డ విసిరింది. గట్టిగా నవ్వితే లోపల రాయి పొడుస్తుంది మరి.

మధ్యాహ్నం యంత్రం ఆగింది. సెలెస్ట్ చాళ్ళ మీదుగా పరిగెత్తుకుంటూ వచ్చి ఆయాసపడుతూ నిలబడింది. ఓడీల్ నడుముకి కట్టేమీ లేదు. పిల్ల అటు చూడనే లేదు.

"మిస్, తినడానికేమైనా ఉందా? తాత డబ్బా నేనే ఖాళీ చేసేశా. ఇంకా ఆకలేస్తోంది."

ఓడీల్ తన డబ్బా తీసిచ్చింది. ఎలాగూ ఆమె ఈమధ్య సగం కూడా తినలేకపోతోంది. సెలెస్ట్ మాంసం పెట్టిన రొట్టెని బుగ్గలు ఉబ్బేలా కుక్కుకుంది.

"మా నాన్నయితే," అంది నోరు నిండా నములుతూ, "ఇలాంటివి రెండు ఒకేసారి నోట్లో పెట్టుకునేవాడు. నానమ్మ తిట్టేది. తిడితే మూడోది కూడా పెట్టుకునేవాడు!"

పిల్ల పకపకా నవ్వింది. ఓడీల్ పక్కటెముకల కింద రాయి ఒకసారి పక్కకి ఒత్తిగిల్లి, మళ్ళీ సర్దుకుంది. ఆమె యంత్రం కడ్డీ పట్టుకుని, నొప్పి తగ్గేదాకా ఊపిరి బిగబట్టింది.

"తర్వాత?" అంది.